రాగి రేకుతో చిన్న అలంకార పళ్ళేలు: సొట్టలు ముందు, గుంత తర్వాత

పాత్రకు సొట్ట పడితే ఎవరికైనా ప్రాణం ఉసూరుమంటుంది. ఈ పనిలో మాత్రం సొట్టలు మనమే కావాలని పెడతాం, అదీ వందల్లో. ఉంగరాలో తాళంచెవులో పడేసుకునే అరచేయంత రాగి పళ్ళెం ఒక పూటలో తయారవుతుంది. దానికి పెద్ద వర్క్‌షాపు అక్కర్లేదు కానీ, ఏ పని తర్వాత ఏ పని అన్నది తప్పకూడదు.

మొదటిసారి చేసేవాళ్ళు చాలామంది రేకును ముందు గిన్నెలా వంచేసి, ఆ తర్వాత దాని మీద సుత్తితో డిజైన్ కొట్టబోతారు. నేనూ అలాగే మొదలుపెట్టాను. ఒక్కో దెబ్బకూ పళ్ళెం ఒక్కో వైపు సాగింది. గంట తిరిగేసరికి అది ఎండుటాకులా మెలితిరిగిపోయింది. రేకు చదునుగా ఉన్నప్పుడే టెక్స్చర్, అంటే పైన కనిపించే సొట్టల, గీతల డిజైన్ కొట్టేసి, తర్వాత చెక్క సుత్తితో గుంత తీస్తే ఈ బాధ ఉండదు. రెండింటికీ మధ్య రాగిని కాల్చి మెత్తబరచాలి. ఆ కాల్చడం దగ్గర బద్ధకిస్తే మిగతా పనంతా పాడవుతుంది.

ఏమేం కావాలి

రేకు 0.8 మిల్లీమీటర్ల మందం ఉన్నది తీసుకోండి. 0.5 అయితే సులువుగా వంగుతుంది కానీ, గట్టిగా కొట్టిన చోటల్లా పల్చబడి అంచు బ్లేడులా తయారవుతుంది. 1 మిల్లీమీటరు దాటితే చేతికి శ్రమ, చెవికి చప్పుడు, రెండూ ఎక్కువే. కొనేటప్పుడు మందానికి గేజీ నంబరు చెప్పకండి. గేజీ పట్టికలు ఒకటి కంటే ఎక్కువ ఉన్నాయి. 20 గేజీ అంటే ఒకదాంట్లో 0.81, ఇంకోదాంట్లో 0.91 మిల్లీమీటర్లు. మిల్లీమీటర్లలో అడిగితే గొడవే లేదు. రేకుకు అయస్కాంతం అంటుకుంటే అది రాగి పూత వేసిన ఇనుము, పక్కన పెట్టేయండి. కొన్ని రేకుల మీద పల్చటి ప్లాస్టిక్ పొర అంటించి ఉంటుంది. మంట దగ్గరికి తీసుకెళ్ళే ముందే దాన్ని ఒలిచేయాలి.

పనిముట్లలో ముఖ్యమైనది బాల్ పీన్ సుత్తి, అంటే ఒక తల చదునుగా, రెండోది గోళీలా ఉండేది. గీతల టెక్స్చర్ కావాలంటే ఒక తల సన్నటి అడ్డ అంచులా ఉండే సుత్తి కూడా ఉండాలి. గుంత తీయడానికి చెక్క సుత్తి గానీ నైలాన్ సుత్తి గానీ పనికొస్తుంది. టెక్స్చర్ కొట్టడానికి నున్నటి ఉక్కు దిమ్మ, కత్తిరించడానికి రేకు కత్తెర, ఒక ఆకురాయి, గ్యాస్ టార్చ్, మంటకు తట్టుకునే ఇటుక, పటకారు, ఒక బకెట్ నీళ్ళు. కళ్ళకు అద్దాలు, చెవులకు మఫ్స్ తప్పనిసరి. ఉక్కు మీద ఉక్కు మోగే చప్పుడు మూసిన గదిలో అరగంట వింటే సాయంత్రం దాకా చెవుల్లో గుయ్యిమంటూనే ఉంటుంది.

సుత్తి తలను ఒకసారి వెలుతురులో తిప్పి చూడండి. దాని మీద గీతో గాటో ఉంటే అది ప్రతి దెబ్బకూ రాగి మీద అచ్చు పడుతుంది. నా పాత సుత్తికి నెలవంకలాంటి చిన్న గాటు ఉండేది. ఆ రోజుల్లో చేసిన ప్రతి పళ్ళెం మీదా వందల నెలవంకలు కనిపిస్తాయి. చూసినవాళ్ళు కావాలనే పెట్టాననుకుంటారు, నేనూ కాదనను. మీకు అది వద్దనుకుంటే 400 నంబరు ఎమెరీ పేపరుతో మొదలుపెట్టి 1000 దాకా వెళ్ళి, సుత్తి తలను అద్దంలా నునుపు చేసుకోండి. ఉక్కు దిమ్మకూ ఇదే మర్యాద.

బిళ్ళ కత్తిరించడం

మొదటి పళ్ళేనికి 10 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న గుండ్రటి బిళ్ళ చాలు. 0.8 మందంలో అది దాదాపు 56 గ్రాములు తూగుతుంది. గుంత పడ్డాక మూతి ఎంత వెడల్పు వస్తుందో ముందే అంచనా కట్టొచ్చు. బిళ్ళ వ్యాసార్ధం వర్గంలోంచి లోతు వర్గాన్ని తీసేసి, మిగిలినదానికి వర్గమూలం కడితే మూతి వ్యాసార్ధం వస్తుంది. 50 మిల్లీమీటర్ల వ్యాసార్ధం, 20 మిల్లీమీటర్ల లోతు అనుకుంటే 2500లోంచి 400 పోతే 2100, దాని మూలం సుమారు 46. అంటే మూతి 9 సెంటీమీటర్ల పైచిలుకు. సుత్తి దెబ్బలకు రాగి కొంత సాగుతుంది కాబట్టి నిజానికి ఇంకాస్త పెద్దదే వస్తుంది.

కంపాసుతో గుండ్రం గీసి, గీతకు 2 లేదా 3 మిల్లీమీటర్లు బయటగా కత్తిరించండి. టెక్స్చర్ కొట్టాక అంచు ఎలాగూ ఎగుడుదిగుడవుతుంది, అసలు కొలతకు అప్పుడు కత్తిరించుకోవచ్చు. కత్తెర ఆకులు పూర్తిగా మూసుకుపోనివ్వకండి. మూసిన ప్రతిసారీ అంచున చిన్న గాటు పడుతుంది, తర్వాత చీలికలు అక్కడే మొదలవుతాయి. కత్తిరించిన వెంటనే అంచున లేచిన ముళ్ళను ఆకురాయితో తీసేయండి. అది చేసేదాకా తోలు చేతొడుగులు తీయొద్దు. రాగి మెత్తటి లోహమే కానీ, కత్తిరించిన అంచు చర్మాన్ని కాగితంలా కోస్తుంది.

కాల్చి మెత్తబరచడం

రాగిని కొట్టేకొద్దీ గట్టిపడుతుంది. లోపలి స్ఫటికాల్లో అమరిక చెదిరి, పొరలు ఒకదాని మీద ఒకటి జారడం కష్టమవుతుంది. అలా గట్టిపడ్డ రేకు మీద ఇంకా బలం చూపిస్తే అది వంగడానికి బదులు చీలుతుంది. వేడి చేస్తే కొత్త స్ఫటికాలు ఏర్పడి రేకు మళ్ళీ మెత్తబడుతుంది. దీన్నే అనీలింగ్ అంటారు. కొత్తగా కొన్న రేకు కూడా చాలాసార్లు గట్టిగానే ఉంటుంది కాబట్టి మొదటి సుత్తి దెబ్బకు ముందే ఒకసారి కాల్చండి.

గాలి ఆడే చోట, లైట్లు తగ్గించి చేయండి. ఎండలో చేస్తే ఎరుపు కనిపించదు, మీకు తెలియకుండానే ఎక్కువ కాల్చేస్తారు. బిళ్ళను ఇటుక మీద పెట్టి, మంటను ఒకచోట నిలపకుండా గుండ్రంగా తిప్పుతూ ఉండండి. ముందు నారింజ, ఊదా, నీలం రంగులు పరుగెడతాయి. అవి చూడ్డానికి ఎంత బాగున్నా అక్కడ ఆపొద్దు, రాగి ఇంకా మెత్తబడలేదు. తర్వాత ఉపరితలం నల్లబడుతుంది. ఆ నలుపు వెనక నుంచి మసక ఎరుపు, ఆరిపోబోయే నిప్పుకణం రంగు కనిపించగానే మంటను పక్క భాగానికి జరపండి. బిళ్ళంతా ఒకసారి ఆ రంగుకు వచ్చాక ఆపేయండి. ప్రకాశమైన ఎరుపు, నారింజ దాకా పోనివ్వకూడదు. రాగి కరిగేది 1085 డిగ్రీల సెల్సియస్ దగ్గర కాబట్టి కరిగిపోదేమో కానీ, లోపలి స్ఫటికాలు మరీ పెద్దవైపోతాయి. అలాంటి రేకును వంచితే పైభాగం నారింజ తొక్కలా గరుకుగా లేస్తుంది. దాన్ని ఏ పాలిషూ దాచలేదు.

వంట గ్యాసు లైటర్‌కు అన్నలాంటి చిన్న టార్చ్ ఉంటుంది చూడండి, అది 5 సెంటీమీటర్ల బిళ్ళకైతే సరిపోతుంది. 10 సెంటీమీటర్ల బిళ్ళకు చాలదు. ఒక వైపు ఎర్రబడేలోపు రెండో వైపు చల్లారిపోతుంది. పెద్ద మంట ఇచ్చే ప్రొపేన్ టార్చ్ కావాలి.

ఎరుపు పోయాక పటకారుతో పట్టుకుని నీళ్ళలో ముంచండి. ఇనుముతో అలవాటున్నవాళ్ళకు ఇక్కడ అనుమానం వస్తుంది, నీళ్ళలో ముంచితే గట్టిపడదా అని. ఉక్కు గట్టిపడుతుంది, రాగి గట్టిపడదు. గాలిలో చల్లారినా, నీళ్ళలో చల్లారినా అంతే మెత్తగా ఉంటుంది. పైగా నీళ్ళలో ముంచితే నల్లటి పొర కొంత పొలుసులుగా ఊడిపోతుంది, పని సులువవుతుంది.

మిగిలిన నలుపుకు సిట్రిక్ యాసిడ్ నీళ్ళు చాలు. అర లీటరు వెచ్చని నీటిలో 50 గ్రాముల పొడి వేసి కరిగించి, బిళ్ళను పావుగంట నుంచి అరగంట ఉంచండి. వేడి వేడి బిళ్ళను మాత్రం నేరుగా అందులో వేయకండి, యాసిడ్ తుంపరలు మొహం మీదికి వస్తాయి. ఇనుప పటకారు కూడా అందులో ముంచకండి. ప్లాస్టిక్ గానీ చెక్క గానీ రాగి గానీ వాడండి. ఆ పాత్రను మళ్ళీ వంటింటికి పంపొద్దు. బయటికి తీసిన బిళ్ళ మీద గులాబీ, ఇటుక రంగు మచ్చలు కనిపిస్తే కంగారు వద్దు, అదీ ఒక రకం రాగి ఆక్సైడే. ఇత్తడి బ్రష్షుతో సబ్బు నీళ్ళు పెట్టి రుద్దితే చాలావరకు పోతుంది. ఆఖర్న బాగా కడిగి, పూర్తిగా తుడవండి. తడి రేకును ఉక్కు దిమ్మ మీద పెడితే దిమ్మ తుప్పు పడుతుంది.

టెక్స్చర్

అసలు సరదా ఇక్కడే. ముందు ఒక వ్యర్థం ముక్క తీసుకుని దాని మీద చెయ్యి తిప్పుకోండి.

సుత్తిని పిడి చివర పట్టుకోండి. తలకు దగ్గరగా పట్టుకుంటే బలం మణికట్టు మీద పడుతుంది. మోచేయి నడుముకు దగ్గరగా ఉంచి, సుత్తిని దాని బరువుతోనే పడనివ్వండి. సుత్తి ఎప్పుడూ ఒకేచోట పడాలి, కదలాల్సింది బిళ్ళ. ఎడమ చేత్తో దాన్ని కొద్దికొద్దిగా జరుపుతూ ఉంటే దెబ్బల మధ్య దూరం దానంతటదే సమంగా వస్తుంది. సొట్టలు ఒకదాని మీద ఒకటి మూడో వంతు పడేలా కొడితే మధ్యలో చదును జాగా మిగలదు, వెలుతురు పడినప్పుడు రేకంతా నీళ్ళలా మెరుస్తుంది. అక్కడక్కడా ఖాళీ వదిలితే వాన చినుకులు పడ్డట్టు ఉంటుంది. రెండూ బాగుంటాయి. సగం అలా, సగం ఇలా అయితే మాత్రం మధ్యలో ఫోనొచ్చి లేచి వెళ్ళినట్టు కనిపిస్తుంది.

అంచు దగ్గరికొచ్చాక చెయ్యి తేలిక చేయండి. అక్కడ రాగికి పక్కన ఆసరా ఉండదు కాబట్టి అదే దెబ్బకు ఎక్కువ సాగుతుంది, గుండ్రం కాస్తా నాలుకలు చాస్తుంది.

అడ్డ అంచు సుత్తితో గీతలు కొట్టేవాళ్ళు ఒక్క సంగతి గుర్తుపెట్టుకోవాలి. గీత ఎటు పడితే లోహం దానికి అడ్డంగా సాగుతుంది. మధ్య నుంచి అంచుకు కిరణాల్లా గీతలు కొడితే చుట్టుకొలత పెరుగుతుంది. ఆ పెరిగిన అంచుకు చోటు చాలక అలలు అలలుగా లేస్తుంది. వలయాల్లా కొడితే బిళ్ళ వెడల్పవుతుంది కానీ అంచు ప్రశాంతంగా ఉంటుంది. ఇది తెలియక నేను రెండు బిళ్ళలు పారేశాను. తెలిశాక దాన్నే వాడుకున్నాను. అంచు నుంచి ఒక సెంటీమీటరు లోపలి దాకా మాత్రమే కిరణాల గీతలు దగ్గరదగ్గరగా కొడితే, ఏ పరికరమూ లేకుండానే పళ్ళెం పువ్వులా విచ్చుకుంటుంది.

వస్తువుల అచ్చు కూడా వేయొచ్చు. మెత్తబరచిన బిళ్ళ మీద స్టీలు జాలీ ముక్క పెట్టి, కదలకుండా టేపు అంటించి, చదును సుత్తితో పైనుంచి కొట్టండి. బలమైన దెబ్బ ఒకసారి కొట్టిన చోట మళ్ళీ కొట్టకండి, జాలీ వెంట్రుకవాసి జరిగినా అచ్చు రెండుగా పడుతుంది. గరుకు ఎమెరీ పేపరు అచ్చు కూడా చక్కగా పడుతుంది, మంచు కురిసినట్టు. ఎండిన ఆకులు, లేసు గుడ్డ సుత్తి కింద నలిగిపోతాయి తప్ప పెద్దగా అచ్చు పడవు. వాటికి రోలింగ్ మిల్లు, అంటే రెండు ఉక్కు రోలర్ల మధ్య రేకును నొక్కే యంత్రం కావాలి.

టెక్స్చర్ పూర్తయ్యేసరికి బిళ్ళ వంకర తిరిగి ఉంటుంది, అది మామూలే. చెక్క మీద పెట్టి చెక్క సుత్తితో తట్టి చదును చేయండి. అసలు కొలతకు అంచు కత్తిరించి, ఆకురాయి పట్టి, 400 నంబరు పేపరుతో నునుపు చేయండి. ఆ తర్వాత మళ్ళీ కాల్చండి. "ఇంకా వంగుతోంది కదా, తర్వాత చూద్దాంలే" అనిపిస్తుంది. అలా అనుకున్న పళ్ళెమే చీలుతుంది.

గుంత తీయడం

ఒక చెక్క మొద్దు తీసుకుని, దాని కోసిన ముఖం మీద 6 సెంటీమీటర్ల వెడల్పు, ఒకటిన్నర సెంటీమీటరు లోతున గుంత చెక్కి, గరుకు లేకుండా సాండ్ పేపరు పట్టండి. మొద్దు లేకపోతే దిట్టమైన కాన్వాసు సంచిలో ముప్పావు వంతు సన్నటి ఇసుక నింపి మూతి కుట్టేయండి. ఇసుక సంచి మీద ఆకారం స్వేచ్ఛగా వస్తుంది, మొద్దు మీద సమంగా వస్తుంది. మొదటిసారికి మొద్దే నయం.

టెక్స్చర్ పైకి ఉండేలా బిళ్ళను పెట్టండి, పళ్ళేన్ని ఎవరైనా పైనుంచే చూస్తారు కాబట్టి. ఇనుప సుత్తిని ఇక దూరంగా పెట్టేయండి. గుండ్రటి తల ఉన్న చెక్క సుత్తితో, అంచుకు ఒక సెంటీమీటరు లోపల వలయంలా కొట్టుకుంటూ వెళ్ళండి. ఒక దెబ్బ, కొంచెం తిప్పడం, మళ్ళీ దెబ్బ. ఒక చుట్టు పూర్తయ్యాక కాస్త లోపలికి జరిగి ఇంకో చుట్టు, అలా మధ్య దాకా. నేరుగా మధ్యలో కొట్టి లోతు చేద్దామనిపిస్తుంది కానీ, అలా చేస్తే నడుమ పల్చబడి గరిటెలా గుంట పడుతుంది, అంచు మాత్రం చదునుగానే మిగిలిపోతుంది.

మొదటి చుట్టు అయ్యేసరికే అంచున అలలు లేస్తాయి. చుట్టుకొలత తగ్గాలి, తగ్గడానికి లోహం ఒప్పుకోవడం లేదు, అందుకే ఈ అలలు. చిన్నగా ఉండగానే ఒక్కోదాన్నీ చెక్క మీద ఆనించి తట్టి అణిచేయండి. అల మడతగా మారిందా, ఇక దాన్ని విప్పడం కష్టం. బలవంతంగా విప్పితే అక్కడే చీలుతుంది.

చెవి కూడా పని చేస్తూ ఉండాలి. మెత్తటి రాగి మీద దెబ్బ "దబ్" మని పడుతుంది. గట్టిపడేకొద్దీ శబ్దం మోగుడుగా మారుతుంది, సుత్తి చేతిలో ఎగిరినట్టు అనిపిస్తుంది. అప్పుడు ఆపి, మళ్ళీ కాల్చి, కడిగి, మొదలుపెట్టాలి. 2 సెంటీమీటర్ల లోతుకు మామూలుగా ఒకటి రెండు సార్లు కాల్చాల్సి వస్తుంది. ఆఖరి దశలో మాత్రం కాల్చకుండా వదిలేయండి. గట్టిపడి ఉన్న రాగే పళ్ళేనికి బలం, లేకపోతే చేత్తో నొక్కినా ఆకారం మారిపోతుంది.

నిలకడ, అంచు

పళ్ళేన్ని బల్ల మీద పెట్టి వేలితో తట్టండి. ఊగితే అడుగు గుండ్రంగా ఉన్నట్టు. చదును చెక్క ముక్క మీద పెట్టి, లోపలి నుంచి చెక్క సుత్తితో అడుగున 3 సెంటీమీటర్ల మేర తట్టి చదును చేయండి. ఆ చదును నడిభాగాన్ని వెనక నుంచి ఒక్క వెంట్రుకవాసి లోపలికి నొక్కితే పళ్ళెం చుట్టూ ఉన్న వలయం మీద నిలబడుతుంది, ఊగదు.

అంచు సమంగా ఉందో లేదో తెలియాలంటే గాజు పలక మీద 220 నంబరు పేపరు పరిచి, పళ్ళేన్ని బోర్లించి గుండ్రంగా రుద్దండి. మెరిసిన చోటల్లా ఎత్తు, మెరవని చోట పల్లం. అంచంతా మెరిసేదాకా రుద్ది, పదునైన మూలలను ఆకురాయితో గుండ్రం చేసి, 400, 600 పేపర్లతో ముగించండి. పువ్వులా విచ్చుకున్న అంచుకు ఈ రుద్దుడు అక్కర్లేదు, మూలలు గుండ్రం చేస్తే చాలు.

అంచున చిన్న చీలిక కనిపిస్తే దాన్ని సాగనివ్వకండి. చీలిక చివరి దాకా ఆకురాయితో అర్ధచంద్రంలా కోసేయండి. అది ఒక్కటే ఎబ్బెట్టుగా ఉంటే అలాంటివి ఇంకో రెండు మూడు కోసి డిజైన్ అనిపించండి.

రంగు, మైనం

తళతళలాడే రాగి ఎక్కువ రోజులు అలా ఉండదు. గాలి తగిలి గోధుమరంగుకు తిరుగుతుంది. ఆ రంగును మనమే ముందుగా తెప్పిస్తే టెక్స్చర్ బాగా ఎత్తి కనిపిస్తుంది. లివర్ ఆఫ్ సల్ఫర్ అనే రసాయనాన్ని గోరువెచ్చని నీళ్ళలో కలిపి, అందులో ముంచితే నిమిషాల్లో నల్లబడుతుంది. కుళ్ళిన గుడ్డు వాసన వస్తుంది, ఆరుబయట చేయండి. పళ్ళెం మీద సిట్రిక్ యాసిడ్ చుక్క కూడా మిగలకుండా ముందు కడగాలి. ఈ రసాయనానికి యాసిడ్ తగిలితే విషవాయువు పుడుతుంది.

రసాయనం వద్దనుకునేవాళ్ళు గట్టిగా ఉడికించిన గుడ్డు పచ్చసొనను చిదిపి, మూత బిగుతుగా ఉండే డబ్బాలో పళ్ళేనికి తగలకుండా పక్కన పెట్టి మూసేయండి. గుడ్డులోని గంధకం ఆవిరితో కొన్ని గంటల్లో అదే పని జరుగుతుంది, నిదానంగా, గోధుమ నుంచి నలుపు దాకా. కావలసిన రంగు రాగానే బయటికి తీసి కడిగేయండి.

తర్వాత సన్నటి స్టీలు ఉన్నితో పైపైన రుద్దండి. సొట్టల మధ్య లేచిన గట్లు మెరుస్తాయి, సొట్టల అడుగున నలుపు నిలుస్తుంది. ఎంత రుద్దాలన్నది మీ కంటికి వదిలేస్తున్నాను. నాకైతే తక్కువ రుద్దినవే నచ్చుతాయి. ఇక పళ్ళేన్ని కొంచెం వెచ్చబరచి, తేనెమైనం పల్చగా పూసి, చల్లారాక మెత్తటి గుడ్డతో తుడవండి. వేలిముద్రలు, చిలుము కొన్నాళ్ళు దూరంగా ఉంటాయి. మెరుపు మందగించినప్పుడు మైనం మళ్ళీ పూయొచ్చు. ఇది నగలకు, తాళాలకు, నాణేలకు పెట్టుకునే పళ్ళెం. తినేవి, ముఖ్యంగా పులుపు తగిలేవి ఇందులో పెట్టకండి, పులుపుకు రాగి కరిగి తిండిలో కలుస్తుంది.